ధమనుల బిరుసు - రక్తములోని జాడలు

రక్తపుపోటు కలవారు వైద్యుని యొద్దకు పోవునపుడు నేడు తరచుగా తమ వెంట ఒక కాగితమును తీసికొని పోవుచున్నారు. అది రక్తపరీక్షల పట్టిక. అందు చక్కెర యెంత, కొవ్వు యెంత అను సంగతులతోపాటు గామా జీటీ, ఆల్కలైన్ ఫాస్ఫటేజు మున్నగు కొన్ని ఎంజైముల పేర్లును, వాని ప్రక్కన అంకెలును ఉండును. ఏదేని ఒక అంకె ప్రక్కన నక్షత్రపు గుర్తు కనబడినచో ఇంటిల్లపాదికిని దిగులు. గుర్తు లేనిచో అంతయు సవ్యముగనే యున్నదని నిబ్బరము. ఈ దిగులును, ఈ నిబ్బరమును ఎంతవరకు తగినవి? రక్తములో తిరుగు ఈ సూక్ష్మ పదార్థములకును, మన ధమనుల గోడలకును గల సంబంధ మెట్టిది? దీనిని గూర్చి ఈ ప్రసంగమున కొంత విచారింతము.

ముందుగా రక్తపుపోటన నేమో జ్ఞప్తికి తెచ్చుకొందము. ఇంగ్లండు దేశములో స్టీఫెన్ హేల్స్ అను మతాచార్యుడు ఒక గుఱ్ఱపు ధమనిలో ఇత్తడి గొట్టమును దూర్చి, దానికి నిలువుగా ఒక గాజుగొట్టమును తగిలించెను. రక్తము ఆ గొట్టములో ఎనిమిది అడుగులకు పైబడి ఎగబ్రాకెను. గుండె కొట్టుకొన్నప్పు డెల్ల ఆ మట్టము పైకి లేచుచు, మరల దిగుచుండెను. ఈ సంగతిని ఆయన 1733లో ప్రకటించెను. ధమనిని కోయకుండ పోటును కొలుచు చేతిపట్టీని 1896లో ఇటలీ దేశీయుడు రివారోచి రూపొందించెను. ఆ పట్టీ క్రింద ధమనిలో పుట్టు చప్పుడును విని పై అంకెను, క్రింది అంకెను గుర్తించు పద్ధతిని రష్యా వైద్యుడు కొరొట్కోవ్ 1905లో తెలిపెను. నేటి పరికరము లెన్ని మారినను మూలసూత్రము పట్టీ బిగించి ధమనిని అదుముటయే.

పై అంకె గుండె ముడుచుకొని రక్తమును నెట్టినపుడు కలుగు పోటు. క్రింది అంకె గుండె విశ్రమించినపుడు మిగిలి యుండు పోటు. 120, 80 అనినచో ఈ రెంటికిని నడుమ అంతరము 40. ఈ అంతరమును మనవారు సాధారణముగ పట్టించుకొనరు. కాని నేటి ప్రసంగమునకు అదియే కీలకము.

గుండె ఆగి ఆగి రక్తమును నెట్టుచున్నది. ఐనను మన వ్రేళ్ల చివరలకు, మూత్రపిండములకు, మెదడునకు రక్తము ఆగకుండ ప్రవహించుచునే యున్నది. ఇది యెట్లు సాధ్యము? హార్మోనియమును వాయించువారిని చూడుడు. చేయి తిత్తిని ఒత్తుట, వదలుట ఆగి ఆగి జరుగుచున్నను నాదము తెగదు. ఏలయన పెట్టెలోపల మరియొక తిత్తి గాలిని నింపుకొని, చేయి వదలిన క్షణమున దానిని మెల్లగా అందించుచుండును. మన శరీరమున ఆ లోపలి తిత్తి పనిని చేయునది బృహద్ధమని. గుండె నెట్టిన రక్తములో కొంత ముందుకు పోవును. కొంత బృహద్ధమని గోడలను సాగదీసి అక్కడనే నిలుచును. గుండె విశ్రమించినపుడు సాగిన గోడ మరల ముడుచుకొని ఆ రక్తమును ముందునకు పంపును. హేల్స్ కూడ దీనిని గ్రహించి, తన కాలపు మంటలార్పు యంత్రములోని గాలిబుడ్డితో పోల్చెను.

ఈ సాగుగుణము ధమని గోడలోని ఎలాస్టిన్ అను పదార్థము వలన కలుగుచున్నది. అది రబ్బరువలె సాగి మరల యథాస్థితికి వచ్చును. దాని ప్రక్కన కొల్లాజెన్ అను మరియొక పోగు కలదు. అది మోకు వంటిది. సాగదు కాని తెగనీయదు. లేత వయసులో బరువంతయు ఎలాస్టిన్ మోయును. కొల్లాజెన్ వదులుగా ఉండి, అవసరము కలిగినపుడు మాత్రమే బిగియును. అయితే ఎలాస్టిన్ విషయమున ప్రకృతి మనపట్ల కొంత పిసినితన మవలంబించినది. గర్భమునందును, బాల్యమునందును తయారైన ఎలాస్టిన్‌తోనే మనము దాదాపు జీవితమంతయు గడుపవలెను. తరువాత క్రొత్తది తయారగుట మిక్కిలి తక్కువ.

ఒక లెక్క వేసి చూతము. గుండె నిమిషమునకు 70 పర్యాయములు కొట్టుకొన్నచో దినమునకు 1,00,800 పర్యాయములు. సంవత్సరమునకు సుమారు 3 కోట్ల 68 లక్షలు. అరువదియేండ్ల మనిషి బృహద్ధమని అప్పటికి 220 కోట్ల పర్యాయములు సాగి ముడుచుకొన్నదన్నమాట. ఏ రబ్బరు ముక్కయైనను ఇంత పనికి అరుగక మానదు. ఎలాస్టిన్ పొరలు పీలికలగును. వాని బరువు కొల్లాజెన్‌పై పడును. గోడలో సున్నపు పదార్థము చేరును. అప్పుడు ధమని బిరుసెక్కినదని యందుము. ఇది కొంతవరకు వయోధర్మము. కాని రక్తపుపోటు, చక్కెరవ్యాధి, మూత్రపిండముల వ్యాధి, పొగాకు అనునవి ఈ అరుగుదలను త్వరపెట్టును. పోటు హెచ్చిన కొలది ప్రతి నాడికిని గోడపై పడు దెబ్బ హెచ్చగును.

ధమని బిరుసెక్కిన పిమ్మట ఏమి జరుగును? లోపలి తిత్తి పనిచేయని హార్మోనియమువలె ఒత్తినపుడు నాదము హోరుమనును, వదలినపుడు నీరసించును. పై అంకె పెరుగును. క్రింది అంకె తగ్గును. పెద్దవయసు వారిలో 170, 70 వంటి అంకెలు కనబడుట కిదియే కారణము. క్రింది అంకె బాగుగనే ఉన్నదని కొందరు సంతోషింతురు. అది సంతోషింపదగిన విషయము కాదు. అచ్చట అంతరము 100. గుండె తన కండరమునకు కావలసిన రక్తమును ఎక్కువగా విశ్రాంతి సమయమందే పొందును. క్రింది పోటు పడిపోయినచో ఆ సరఫరా కుంటుపడును. ఇంతేకాదు, బృహద్ధమనిలో ఆరిపోవలసిన దెబ్బ ఆరక మెదడు, మూత్రపిండముల లోని సన్నని నాళములను పోయి తాకును. పక్షవాతమునకు, మూత్రపిండముల క్షీణతకు ఇదియొక దారి.

ఈ బిరుసును కొలుచుట యెట్లు? రైలుకట్ట దాపున నివసించు పిల్లలకు ఒక విద్య తెలియును. పట్టాకు చెవి ఆనించినచో దూరమున వచ్చు బండి చప్పుడు గాలిలో వినబడుటకు ముందే పట్టాలో వినబడును. బిరుసైన వస్తువులో అల వేగముగ పోవును. ధమనిలోను ఇంతే. గుండె కొట్టుకొన్నపుడు ఒక అల ధమనుల గోడల వెంట పరుగెత్తును. మనము మణికట్టు వద్ద పట్టి చూచు నాడి ఆ అలయే. రక్తము అంత వేగముగ ప్రవహింపదు. కాంతి తరంగముల స్వభావమును నిరూపించి పేరొందిన తామస్ యంగ్ వృత్తిచే వైద్యుడు. ఆయన 1808లో గుండె, ధమనులను గూర్చి చేసిన ఉపన్యాసములో ఈ అల వేగమును చర్చించెను. 1878లో మోన్స్, కోర్టెవేగ్ అను డచ్చి శాస్త్రజ్ఞు లిద్దరు గోడ బిరుసునకును అల వేగమునకును గల గణిత సంబంధమును తేల్చిరి. తక్కినవన్నియు సమానమైనచో గోడ నాలుగింతలు బిరుసైనపుడు అల రెండింతలు వేగముగ పోవును.

కనుక వైద్యులు మెడవద్ద ఒక నాడిని, తొడ మొదట మరియొక నాడిని ఒకేమారు నమోదు చేసి, రెంటికిని నడుమ గల కాలమును, దూరమును కొలుతురు. దూరము అర మీటరు, కాలము సెకనులో పదవ వంతు అనుకొందము. వేగము సెకనునకు 5 మీటర్లు. ఇది లేత ధమని. అదే దూరమును సెకనులో ఇరువదవ వంతులో దాటినచో వేగము 10 మీటర్లు. 2012లో నిపుణులు ఒక అంగీకారమునకు వచ్చి, సెకనునకు 10 మీటర్లకు మించినచో బృహద్ధమని ప్రమాదకరముగ బిరుసెక్కినట్లు భావింపవచ్చునని నిర్ణయించిరి. ఈ పరీక్షలో సూది లేదు, నొప్పి లేదు.

ఈ అంకె వినోదమునకు కాదు. 2001లో ఫ్రాన్సు దేశములో రక్తపుపోటు రోగులను దీర్ఘకాలము గమనించిన ఒక పరిశోధన ప్రకటింపబడెను. వయస్సు, పోటు మున్నగు వానిని లెక్కలోనికి తీసికొనిన పిమ్మట కూడ బృహద్ధమని బిరుసు హెచ్చుగా ఉన్నవారిలో మరణములు హెచ్చని అది తేల్చెను. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అను పట్టణములో 1948 నుండి తరతరములుగా జనుల గుండెల స్థితిని గమనించుచున్నారు. అచ్చటి వారిపై 2012లో వెలువడిన పరిశీలన మరియొక విశేషమును తెలిపినది. బిరుసు ముందుగా కనబడినవారిలో తరువాతి సంవత్సరములలో రక్తపుపోటు పుట్టుచున్నదట. అనగా పోటు వలన బిరుసు కలుగుటయే కాదు, బిరుసు వలన పోటును కలుగును. ఒకదాని నొకటి పెంచుకొను చక్రమిది.

ఇక రక్తములోని ఎంజైముల సంగతికి వత్తము. ధమని గోడ లోపల జరుగుచున్న ఈ అరుగుదలను ముందే పసిగట్టుటకు ఒక చుక్క రక్తము చాలదా యని శాస్త్రజ్ఞులు ఆలోచించిరి. ఎంజైములు మన శరీరములోని పనివాండ్రు. ఒక్కొక్కటి ఒక్కొక్క రసాయనిక క్రియను త్వరపెట్టుచుండును. వానిలో అధిక భాగము కణముల లోపలనో, కణముల పైపొరపైననో ఉండవలసినవి. కణములు దెబ్బతిన్నను, వానిపై పనిభారము పెరిగినను కొంత పాలు రక్తములోనికి వచ్చును. కర్మాగారము వెలుపలి కాలువలో కనబడు రంగును బట్టి లోపల ఏ అద్దకము జరుగుచున్నదో ఊహించినట్లు, రక్తములోని ఎంజైమును బట్టి లోపలి స్థితిని ఊహింపవచ్చును.

మొదట ధమని గోడకు మిక్కిలి దగ్గరివానిని చూతము. ఎలాస్టేజు అనునదియు, మేట్రిక్స్ మెటలోప్రొటీనేజులు అను కుటుంబములోని కొన్నియు ఎలాస్టిన్, కొల్లాజెన్ పోగులను త్రుంచు ఎంజైములు. ఇవి దుష్టములు కావు. గాయము మానుటకును, పాతగోడను విప్పి క్రొత్తగోడ కట్టుటకును ఇవి కావలెను. కాని కట్టుటకంటె విప్పుట హెచ్చినపుడు గోడ చెడును. 2005లో కేంబ్రిడ్జి పరిశోధకులు ప్రకటించిన పరిశీలనలో ఈ కుటుంబమునకు చెందిన తొమ్మిదవ సంఖ్యగల ఎంజైమునకును, ఎలాస్టేజు చురుకుదనమునకును, పై అంకె మాత్రమే హెచ్చుగా ఉండు పోటుకును, బృహద్ధమని బిరుసునకును సంబంధము కనబడెను. ఇది యుక్తికి సరిపోవు ఫలితము. అయినను ఈ పరీక్ష నేటికిని పరిశోధనశాలల హద్దు దాటి నిత్య వైద్యమునకు రాలేదు.

పట్టికలో తరచుగా కనబడు గామా జీటీ వేరు జాతిది. దాని పూర్తి పేరు గామా గ్లుటామిల్ ట్రాన్స్‌ఫరేజు. కాలేయమున విస్తారముగ ఉండును. గ్లూటాథయోన్ అను రక్షక పదార్థము ఒకటి మన కణములను తుప్పు వంటి ఆక్సీకరణము నుండి కాపాడుచున్నది. కణముల వెలుపల నున్న గ్లూటాథయోన్‌ను విడగొట్టి, దాని భాగములు మరల కణములోనికి చేరుటకు తోడ్పడునది ఈ ఎంజైము. తుప్పు హెచ్చినపుడు ఈ ఎంజైమునకు పని హెచ్చును. అందువలన దీని పెరుగుదల కాలేయపు స్థితినే కాక శరీరమంతటి స్థితిని కూడ కొంత తెలుపునని భావించిరి. ఆస్ట్రియా దేశములో 1,63,944 మంది పెద్దలపై చేసిన పరిశీలన 2005లో వెలువడెను. ఈ ఎంజైము హెచ్చిన కొలది గుండె, రక్తనాళముల వ్యాధులచే కలుగు మరణములును హెచ్చినట్లు అందు కనబడెను. తూర్పు ఆసియా దేశముల పరిశీలనలలో ఈ ఎంజైము హెచ్చుగా ఉన్నవారిలో ధమనుల అల వేగమును హెచ్చుగా ఉండుట గమనించిరి.

మూడవది ఆల్కలైన్ ఫాస్ఫటేజు. ఇది ఎముకలలోను, కాలేయమందును ఉండును. ఎముక గట్టిపడుటలో దీనికి పాత్ర కలదని ఇంగ్లండులో రాబర్ట్ రాబిసన్ 1923లో సూచించెను. మన రక్తములో పైరోఫాస్ఫేటు అను పదార్థమొకటి ఉండి, సున్నము చేరరాని చోట చేరకుండ అడ్డుపడుచుండును. ఆల్కలైన్ ఫాస్ఫటేజు ఆ పైరోఫాస్ఫేటును విడగొట్టును. ఎముకలో ఇది మేలు. ధమని గోడలో ఇదే పని జరిగినచో ఎముకకు తగిన గట్టిదనము ధమనికి పట్టుకొనును. కావున ఈ ఎంజైమునకును ధమనుల బిరుసునకును సంబంధము వెదకుట సహేతుకమే.

ఈ సందర్భమున మన తెలుగువాని పేరొకటి స్మరింపక తప్పదు. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కెతో కలసి రక్తము మున్నగు వానిలోని భాస్వరమును రంగును బట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. ఫాస్ఫటేజు తన పనిలో విడుదల చేయు ఫాస్ఫేటును కొలిచినచో ఆ ఎంజైము చురుకుదనము తెలియును. అట్టి కొలతలకు ఫిస్కె, సుబ్బారావుల పద్ధతి ప్రయోగశాలలలో దశాబ్దముల తరబడి ఉపయోగపడెను.

శ్రోతలారా, ఇంతవరకు విన్నవారికి ఒక ఆలోచన కలుగుట సహజము. ఈ ఎంజైములు హెచ్చినవారికి ధమనులు బిరుసెక్కుచున్నవి గదా. ఎంజైమును తగ్గించు మందు మ్రింగినచో ధమనులు మెత్తబడవా? ఇచ్చటనే మనము జాగ్రత్త వహింపవలెను. పొలములో అడుగుజాడ కనబడినంత మాత్రమున ఆ జాడయే చేను మేసినదని అనలేము. జాడను చెరిపినంత మాత్రమున పశువు రాక మానదు. రక్తములోని ఎంజైములలో కొన్ని జాడలు. కొన్ని నిజముగ పనిచేయు చేతులు. ఏది జాడ, ఏది చేయి అను నిర్ణయము ఊహచే కాదు, ప్రయోగముచే మాత్రమే తేలును.

దీనికి రెండు దృష్టాంతములు చెప్పెదను. రక్తములోని కొవ్వు రేణువులను అంటి తిరుగు ఫాస్ఫోలైపేజు ఎ-2 అను ఎంజైమొకటి కలదు. అది హెచ్చినవారికి గుండెజబ్బులును హెచ్చని అనేక పరిశీలనలు తెలిపినవి. దానిని అణచుటకు డారాప్లాడిబ్ అను మందును తయారు చేసిరి. గుండె ధమనుల వ్యాధి గల 15,000 మందికి పైగా రోగులపై ఒక ప్రయోగమును, గుండెపోటు వంటి ఆపద నుండి అప్పుడే బయటపడిన 13,000 మందిపై మరియొక ప్రయోగమును జరిపిరి. రెంటి ఫలితములును 2014లో వెలువడెను. మందు ఎంజైమును అణచుటలో సమర్థమైనదే. కాని ప్రధానముగ లెక్కించిన గుండె ఆపదలు తగ్గలేదు. ఆ ఎంజైము చేయి కాదు, జాడ అని చెప్పుటకు ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము అరుదు.

రెండవ దృష్టాంతము దీనికి వ్యతిరేకమైనది. 1898లో స్టాక్‌హోమ్ నగరమున టిగెర్‌స్టెట్, బెర్గ్‌మన్ అను వారు మూత్రపిండములలో పోటును పెంచు రెనిన్ అను పదార్థమును కనుగొనిరి. అది మొదలుపెట్టిన పనిని ముగించు మరియొక ఎంజైమును అమెరికాలో స్కెగ్స్ బృందము 1956లో వివరించెను. దానిని నేడు ఏ.సీ.ఈ. అని వ్యవహరింతురు. అది రక్తనాళములను బిగించు ఆంజియోటెన్సిన్‌ను తయారు చేయును. బ్రెజిల్ దేశపు ఒక జాతి రక్తపింజరి విషములో రక్తనాళములను వదులు చేయు గుణమునకు తోడ్పడు పదార్థము కలదని ఫెరీరా 1965లో తెలిపెను. ఆ విషమును అనుసరించి చేసిన పరిశోధనల ఫలితముగ ఏ.సీ.ఈ.ని అణచు కాప్టోప్రిల్ అను మందు 1981లో అమెరికాలో అనుమతి పొందెను. ఇట్టి మందులు పోటును తగ్గించును. గుండెకును, మూత్రపిండములకును మేలు చేయును. ఇచ్చట ఎంజైము జాడ కాదు, నిజమైన చేయి. చేతిని పట్టుకొన్నచో దెబ్బ ఆగినది.

గామా జీటీ, ఆల్కలైన్ ఫాస్ఫటేజు అనునవి ధమనుల విషయమున చేతులని తేల్చిన ప్రయోగము లేదు. వానిని జాడలుగ మాత్రమే భావించుట నేటికి తగిన పని. పైగా అవి ఒకే త్రోవను చూపు జాడలు కావు. గామా జీటీ మద్యపానము వలన పెరుగును. కాలేయమున కొవ్వు చేరినను పెరుగును. మూర్ఛకు ఇచ్చు కొన్ని మందుల వలనను పెరుగును. ఆల్కలైన్ ఫాస్ఫటేజు ఎదుగుచున్న పిల్లలలో సహజముగనే హెచ్చుగా ఉండును; గర్భిణులలో చివరి నెలలలో పెరుగును; పిత్తనాళమున అడ్డు ఏర్పడినను, ఎముకల వ్యాధులలోను పెరుగును. కావున పట్టికలో ఒక నక్షత్రమును చూచి ధమనులు పాడైనవని బెదరుట ఎంత తప్పో, నక్షత్రము లేదని పోటును ఉపేక్షించుట అంతకంటె తప్పు. అంకె హెచ్చినచో వైద్యునకు చూపి కారణమును వెదకవలెను. ఆ కారణము కాలేయపు కొవ్వో, మద్యమో అయినచో దానిని మాన్పుట ధమనులకు కూడ మేలే.

మరి రక్తపుపోటు గలవారు నమ్మదగిన కొలత యేది? ఆ పాత చేతిపట్టీయే. కాని దానిని సరిగా వాడవలెను. కొలుచుటకు ముందు అరగంటసేపు కాఫీ గాని పొగాకు గాని ముట్టరాదు. ఐదు నిమిషములు నిశ్చలముగ, వీపునకు ఆనుకొని కూర్చుండవలెను. చేయి గుండె మట్టమున దేనిపైనైనను ఆనియుండవలెను. కొలుచునప్పుడు మాటలాడరాదు. ఒకనాటి అంకెను బట్టి కాక కొన్ని దినముల అంకెలను బట్టి నిర్ణయించుట మంచిది. వైద్యశాలలో పలుమారులు 140, 90కి తగ్గకున్నచో చికిత్సను గూర్చి ఆలోచింపవలసినదే. వ్రాసి పెట్టుకొనునపుడు రెండంకెలను వ్రాసికొని, వాని అంతరమును కూడ గమనింపుడు. సంవత్సరముల తరబడి ఆ అంతరము పెరుగుచున్నచో ఆ సంగతిని వైద్యునకు తెలుపుడు. బిరుసునకు అది ఇంటిలోనే దొరకు ఆనవాలు.

బిరుసెక్కిన ధమనికి ఇక వైద్యము లేదని పెద్దలు నిరాశ చెందనక్కరలేదు. అరువదియేండ్లు దాటి, పై అంకె మాత్రమే హెచ్చుగా ఉన్న 4,736 మందిపై అమెరికాలో జరిపిన ప్రయోగము ఫలితములు 1991లో వెలువడినవి. వారిలో ఒక భాగమునకు క్లోర్‌థాలిడోన్ అను చవుకైన మూత్రవిసర్జక ఔషధముతో మొదలిడి చికిత్స చేసిరి; తక్కినవారికి మందు లేని బిళ్లల నిచ్చిరి. ఐదేండ్లలో మందులేని వారిలో నూటికి 8.2 మందికి పక్షవాతము రాగా, మందు పుచ్చుకొన్నవారిలో నూటికి 5.2 మందికి మాత్రమే వచ్చెను. అనగా మూడింట ఒక వంతునకు మించి తగ్గినది. ఎలాస్టిన్ తిరిగి రాలేదు. కాని పోటు తగ్గుటచే గోడపై దెబ్బ తగ్గెను, మనుష్యులు నిలిచిరి.

మన దేశమున ఈ వ్యాధి ఎంత వ్యాపించినదో తెలిసినచో దీని ప్రాముఖ్యము బోధపడును. భారత వైద్య పరిశోధన మండలి చేయించి, 2023లో ఫలితములు వెలువరించిన దేశవ్యాప్త పరిశీలనలో ఇరువదియేండ్లు దాటిన వారిలో నూటికి 35.5 మందికి రక్తపుపోటు కలదని తేలినది. అనగా ముగ్గురు పెద్దలున్న ఇంట సగటున ఒకరికి. వీరిలో ఎందరికో తమకు వ్యాధి యున్నట్లే తెలియదు. ఏలయన నొప్పి లేదు. పోటును అదుపులో ఉంచుటకు 2017లో ప్రారంభమైన భారత ప్రయత్నములో తొలిదశ రాష్ట్రములలో తెలంగాణము ఒకటి. ఆ పథకము నమ్ముకొన్నవి ఖరీదైన ఎంజైము పరీక్షలు కావు. సరిగా కొలుచుట, కొద్ది రకముల మందులను క్రమము తప్పక అందించుట, మందునకు రానివారిని వెదకి పిలుచుట - ఇవియే దాని సాధనములు.

ఇంటిలో చేయవలసినది కొంత కలదు. దినమునకు ఉప్పు 5 గ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అది ఒక చిన్న చెంచాడు. మన భోజనములో ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడములు, వడియములు, ఊరమిరపకాయలు, మజ్జిగలో చిటికెడు - ఇవి యన్నియు ఆ చెంచాడులోనికే లెక్క. ఊరగాయను బొత్తిగా మానుమనుట తెలుగువానికి శిక్ష విధించుటయే. కాని మొదటి ముద్దతో మొదలిడి చివరి ముద్ద వరకు దానినే నంజుకొనుట మానవచ్చును. పొగాకును, అది చుట్టయైనను బీడీయైనను గుట్కాయైనను, విడువవలెను. నిత్యము వడిగా నడచుట ధమనులకు మేలు.

అన్నిటికంటె ముఖ్యమైనది మందు. పోటు తగ్గినదని, ఒంటిలో బాగున్నదని, పట్టికలో ఎంజైములు సరిగా నున్నవని మందును తమంతట తాము మానివేయువా రనేకులు. పోటు తగ్గినది మందు వలననే. బాధ లేకుండుట ఈ వ్యాధి లక్షణమే గాని, వ్యాధి పోయినదనుటకు గుర్తు కాదు. మందు పడకున్నచో వైద్యునకు చెప్పి మార్పించుకొనవలెను, మానరాదు. అరువదియేండ్ల బ్రదుకులో 220 కోట్ల దెబ్బలను సహించు గోడ అది. ప్రతి దెబ్బయును కొంచెము తేలికయైనచో ఆ మేలు కోట్ల కొలది పేరుకొనును.

రేపో మాపో శాస్త్రజ్ఞులు ధమని అరుగుదలను ముందే తెలుపు నమ్మకమైన రక్తపరీక్షను కనుగొనవచ్చును. ఆ అన్వేషణ తగినదే, సాగవలసినదే. అంతవరకు మీ ఇంట రక్తపుపోటు గలవారి చేతిలో పరీక్షల కాగితము కనబడినచో దానిని శ్రద్ధగా వైద్యునకు చూపుడు. కాని ఆ కాగితము కంటె ముందుగా వారి నడుగవలసిన ప్రశ్నలు రెండు గలవు: ఈ నెలలో పోటు చూపించుకొన్నారా? ఈ దినమున మందు వేసికొన్నారా?